నిండు బరువు

1

రోజూ ఏదో ఒకటి చెప్పి రికార్డు చేయమన్నారు నూర్జహాన్ గారు. పాప ఏం తింది, ఎంతసేపు నిలబడగలిగింది, కాళ్ళు నొప్పులన్నదా, ఏడ్చిందా, అవన్నీ. ఆవిడ పిల్లలకి నిలబడటం, నడవటం నేర్పిస్తారు. ఇవి విని ఏం మార్చాలో చూసుకుంటారట. నా గురించి చెప్పమనలేదు.

పాప పేరు మేదిని. ఐదేళ్ళు నిండాయి. నేను వాళ్ళమ్మని, కనకవల్లిని. అంతరిక్షంలో తిరిగే మా కేంద్రానికి నడుమ ఉన్న నాభిలో, నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటులో పని. మేం ఉండేదీ నాభిలోనే. ఇక్కడ దేనికీ బరువుండదు. మా చుట్టూ తిరిగే చక్రంలో ఉంటుంది. బడి ఆ చక్రం అంచున, నిండు బరువులో తెరుస్తున్నారు. మేదిని పుట్టిన దగ్గర్నుంచి దేనిమీదా నిలబడి ఎరగదు.

ఇవాళ గుంజుపట్టీలు మొదలుపెట్టాం. రబ్బరు పట్టీలు భుజాలకి తగిలించి గోడకున్న కొక్కేలకి బిగిస్తే పాదాలు గోడకి అదుముకుంటాయి.

"ఎవరు లాగుతున్నారు?" అంది.

ఎవరూ లాగట్లేదన్నాను.

"మరి నన్నెందుకు వదలట్లేదు?"

అలవాటవుతుందని చెప్పాను. కిచిడీ సగం తింది. ఏడవలేదు.

2

నాభి నుంచి చక్రం అంచుదాకా గొట్టాలుంటాయి. బండిచక్రానికి ఉన్నట్టే ఉంటాయని వాటిని ఆకులంటాం. ఆకులో లిఫ్టు తిరుగుతుంది. అంచుకి పోయేకొద్దీ బరువెక్కుతుంది. మొదట పావు బరువు, తర్వాత అర, ముప్పావు, చివర నిండు. ఇవాళ పావు దగ్గర దిగాం. అక్కడ నూర్జహాన్ గారిదొక గది ఉంది, నేలంతా మెత్తటి పరుపు.

మేదిని నీళ్ళు తాగి గ్లాసుని అలవాటుగా గాల్లో వదిలేసింది. అది పడిపోయింది. పాప దాన్ని చాలాసేపు చూసింది.

"అమ్మా, గ్లాసు పారిపోయింది."

"పారిపోలేదు. పడింది."

"మనం ఏమన్నా అన్నామా దాన్ని?"

నూర్జహాన్ గారు నవ్వారు. నేనూ నవ్వాల్సిందని తర్వాత అనిపించింది. గ్లాసు తీసి చేతికిచ్చాం, మళ్ళీ వదిలింది. మళ్ళీ పడింది. అలా ఎన్నిసార్లు వదిలిందో. చివరికి తనే బల్లమీద పెట్టి, చేయి నెమ్మదిగా తీసి, అది అక్కడే ఉందా లేదా అని చూసింది.

జడ వీపుకి తగులుతుంటే ఎవరో ముట్టుకుంటున్నారని మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. తిరుగు లిఫ్టులో నిద్రపోయింది.

3

కూర్చోవడం నేర్చుకుంది. టాయిలెట్ మీద కూర్చోవడానికి మాత్రం భయపడుతోంది, లోపలికి పడిపోతానని. పక్కన నిలబడి చేయి పట్టుకుంటున్నాను. నూర్జహాన్ గారు ఆ పని కూడా బడి తెరిచేలోపు ఒంటరిగా చేసుకోగలగాలన్నారు.

ఇవాళ పట్టీలు బిగిస్తుంటే అడిగింది, "నాన్న చక్రంలో ఉన్నాడా?" అని.

లేడన్నాను.

"చక్రం బాగుచేశాడు కదా."

"బయట నుంచి చేశాడు."

మేదిని కడుపులో ఉన్న ఏడు చక్రం ఆగిపోయింది. ఇరుసు పట్టేసింది. మామూలుగా అయితే కడుపుతో ఉన్నవాళ్ళని బరువులోకి పంపిస్తారు, అక్కడే కంటారు, పిల్లలు అక్కడే పెరుగుతారు. మాకు ఆ వీలు లేకపోయింది. ఆ కాలంలో నాభిలో పుట్టిన పిల్లలు కొద్దిమందే, అందరూ ఇలాగే ఉన్నారు. ఫణి ఇరుసు మీద పనిచేశాడు, నా భర్త. చక్రం తిరగడానికి ఇంకా రెండు నెలలుందనగా బయటికెళ్ళాడు. తాడు వెనక్కి వచ్చింది. ఆయన రాలేదు.

ఈమధ్య, ఐదేళ్ళకి చక్రం మళ్ళీ కదిలిన రోజు అందరూ కిటికీల దగ్గర చేరారు. నేను ప్లాంటులో నీళ్ళు వడకట్టే జల్లెడలు కడుగుతున్నాను. చప్పట్లు వినపడ్డాయి. కడగడం ఆపలేదు.

ఇది పాప సంగతి కాదు. నూర్జహాన్ గారూ, వినకుండా దాటేయండి.

4

అర బరువు. పాప గోడ పట్టుకుని నిలబడింది. మోకాళ్ళు వణికాయి కానీ వదల్లేదు. నూర్జహాన్ గారు "మా అమ్మే" అని వీపు తట్టారు.

నాకే బాగాలేకపోయింది. ముందు చెవుల్లో హోరు, తర్వాత కళ్ళ ముందు నల్లగా అయింది. కుర్చీలో కూలబడ్డాను. డాక్టర్ యాకోబు గారిని పిలిపించారు. ఆయనకి నా గుండె సంగతి తెలుసు. బరువు లేనిచోట మోసి కన్నాక అది సన్నబడి మళ్ళీ కోలుకోలేదు.

"అమ్మా, నీకిదే ఆఖరు మెట్టు," అన్నారు. "అర బరువులో కూర్చోవచ్చు, కాసేపు. ఇంతకంటే కిందికి నిలబడి వెళ్ళావంటే రక్తాన్ని తలదాకా తోడే శక్తి నీ గుండెకి లేదు."

"బడి నిండు బరువులో కదండీ."

"అందుకే చెబుతున్నాను. మిగతా పిల్లల తల్లిదండ్రులు కిందికి మారిపోతున్నారు. నువ్వు మారలేవు. పాప సలోమి టీచర్ దగ్గర, హాస్టల్లో ఉండాలి. మొదటి ఏడాది మధ్యలో నాభికి తీసుకురాకూడదు. తెస్తే ఎముక మళ్ళీ మొదటికొస్తుంది."

"ఏడాది ఆగి పంపితే?"

"ఆరు దాటాక ఎముక మాట వినదమ్మా. ఇక ఎప్పటికీ నాభిలోనే. నీలాగే."

సరేనన్నాను. మేదిని మెత్తటి నేలమీద బొమ్మ పడేసుకుంటూ, తీసుకుంటూ ఉంది. వినట్లేదనుకున్నాను.

5

ఇవాళ నిలబడలేదు.

నిన్న నిలబడిన చోటే. గోడ పట్టుకోమంటే పట్టుకుంది, లేవమంటే లేవబోయి కూర్చుండిపోయింది. నొప్పా అంటే తల అడ్డంగా ఊపింది. భయమా అంటే మళ్ళీ అడ్డంగా ఊపింది. నూర్జహాన్ గారు కాళ్ళు ఒత్తి చూశారు.

తిండి బాగానే తింది. స్నానానికి తడిగుడ్డతో తుడుస్తుంటే పాట పాడింది.

6

ఇవాళా నిలబడలేదు. ఎముకలకి ఫొటో తీశారు. యాకోబు గారు తెరమీద చూపిస్తూ, "లోపం ఏమీ కనబడట్లేదు. కండే ఎదగట్లేదేమో," అన్నారు. నూర్జహాన్ గారు వాడిపోయినట్టున్నారు. పట్టీలు ఇంకో వరస బిగించమన్నారు.

బడి కోసం కుట్టించిన గౌను వచ్చింది. నీలం రంగు. నాభిలో తొడిగితే గొడుగులా పైకి లేచింది. పాప చేతులతో అణుచుకుని, "ఇది నాకొద్దు," అంది. మడిచి లోపల పెట్టాను.

7

మామూలుగానే అర బరువు గదికి వెళ్ళాం. నూర్జహాన్ గారు పక్కగదిలో వేరే పాపతో ఉన్నారు. నాకు తల తిరిగింది. కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నాను. పిలిచినా పలకలేదట, తర్వాత మేదినే చెప్పింది.

కళ్ళు కొంచెం తెరిచేసరికి అది నడుస్తోంది. ఏమీ పట్టుకోకుండా. రెండు చేతుల్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని, నీళ్ళు తొణుకుతున్నాయేమో అని గ్లాసులోకే చూసుకుంటూ, గది ఆ చివర నుంచి నా దగ్గరికి వస్తోంది. నా ఒళ్ళో పెట్టింది. నేను కళ్ళు పూర్తిగా తెరిచాను. నన్ను చూసింది. అక్కడికక్కడే నేలమీద కూర్చుండిపోయింది.

నీళ్ళు తాగాను. నూర్జహాన్ గారు వచ్చి అడిగితే, ఇవాళా లేదండీ అని చెప్పాను.

ఇది మీకు రేపు పంపను. ఎప్పుడు పంపుతానో తెలియదు.

8

తిండి దగ్గర అడిగాను.

"నువ్వు నడవగలవు కదా."

ముద్ద నమిలి మింగేదాకా ఆగింది. "నడిస్తే స్కూలుకి పంపిస్తావు."

"ఔను."

"నడవకపోతే?"

"పంపరు."

"అందుకే," అంది. ఇంకో ముద్ద పెట్టమని నోరు తెరిచింది.

పెట్టాను.

నేను చేయాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. యాకోబు గారు కండ ఎదగలేదని రాసుకుంటారు. బడి తెరుస్తారు, మిగతా పిల్లలు వెళతారు. మేదిని ఇక్కడ నాతోపాటు జల్లెడలు కడగడం నేర్చుకుంటుంది, నా పక్కనే తన నిద్ర సంచీలో పడుకుంటుంది. ఇలా అనుకున్నప్పుడు సంతోషం వేయలేదు. తప్పు చేస్తున్నాననీ అనిపించలేదు. ఫణి పోయిన దగ్గర్నుంచి ఏదీ లోపలిదాకా దిగట్లేదు. పాప మాత్రం కళ్ళ ముందు ఉంది. ఉంటే చాలనుకున్నాను.

కొన్నాళ్ళు అలాగే ఊరుకున్నాను. రోజూ గదికి వెళ్ళాం. రోజూ అది కూర్చుంది. నూర్జహాన్ గారు తనకి చేతకావట్లేదేమో అని మథనపడుతున్నారు. నేను చూస్తూ ఉన్నాను.

9

ప్లాంటులో జల్లెడ మూత తిప్పుతుంటే వేలు విరిగింది. రోజూ తిప్పే మూతే. బిగుసుకుపోయీ లేదు. చిన్న చప్పుడైంది, కర్ర పుల్ల విరిచినట్టు. చూసుకుంటే కుడిచేతి నడిమి వేలు పక్కకి తిరిగి ఉంది.

మేదిని ఆ పూట నాతోనే ఉంది. చప్పుడు విన్నది.

"ఏమైంది?"

"ఏం లేదు."

"వేలు అటు తిరిగింది."

"బరువు లేనిచోట ఎక్కువకాలం ఉంటే ఎముకలు డొల్లబోతాయి," అన్నాను. నొప్పి పెద్దగా తెలియలేదు. గుడ్డ చుట్టుకున్నాను.

అది నా చేతిని పట్టుకుని చూసింది. తన వేళ్ళు చూసుకుంది. ఒక్కో వేలినీ నెమ్మదిగా వంచి, మళ్ళీ చాచింది. చాలా జాగ్రత్తగా, గట్టిగా వంచితే విరిగిపోతాయేమో అన్నట్టు.

అది చూడలేకపోయాను. ఇన్నాళ్ళలో నేను చూడలేకపోయింది అదొక్కటే.

నూర్జహాన్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. పాప నడుస్తుందండీ, నేను చూశాను, చెప్పలేదు అని. కోప్పడతారనుకున్నాను. ఆవిడ ముందు నా వేలికి పట్టీ వేశారు. వేస్తూ, "నాకూ అనుమానం వచ్చింది. పిక్కలు గట్టిపడ్డాయి, నడవని పిల్లకి అలా ఉండవు," అన్నారు. "నువ్వు చెబుతావని చూస్తున్నాను, వల్లీ."

"దాన్ని నేను ఒప్పించలేనండీ. నేను రాలేనని దానికి తెలుసు."

ఆవిడ పట్టీ ముడి బిగించారు. "నిలబడి రాలేవు. పడుకుని రావచ్చుగా?"

10

యాకోబు గారు మొదట కుదరదన్నారు. నూర్జహాన్ గారు వదల్లేదు. పడుకుంటే గుండె రక్తాన్ని పైకి తోడనక్కర్లేదు, తలా గుండే ఒకే ఎత్తులో ఉంటాయి అని వాదించారు. చివరికి ఒప్పుకున్నారు. చక్రాల మంచం మీద, తల ఎత్తకుండా, కాళ్ళకి బిగుతుగా గుడ్డ చుట్టి, గంటసేపు. తేడా చేయకపోతే వారానికోసారి అలా వెళ్ళి రావచ్చన్నారు.

ఇంటికొచ్చి మేదినికి చెప్పాను.

"నేను స్కూలు దాకా వస్తాను. కానీ నడవలేను. పడుకునే ఉండాలి. ఎవరో ఒకరు మంచం తోసుకుంటూ తీసుకెళ్ళాలి."

"ఎవరు?"

"నువ్వు తోస్తావా?"

ఆలోచించింది. "నేను తోయకపోతే నువ్వు రాలేవా?"

"నూర్జహాన్ ఆంటీ తోస్తారు. కానీ నువ్వు లేకుండా నేనెందుకు వెళ్ళడం."

"తర్వాత నువ్వు వెళ్ళిపోతావు."

"వెళ్ళిపోతాను. ఆదివారం మళ్ళీ వస్తాను."

"పడుకునేనా?"

"పడుకునే."

మర్నాడు అర బరువు గదిలో లేచి నిలబడింది. నూర్జహాన్ గారు ఖాళీ మంచం తెచ్చిపెట్టారు. దాన్ని తోసుకుంటూ గది చుట్టూ తిరిగింది. మూడో చుట్టుకి అలిసిపోయి మంచం కిందే పడుకుంది. ఆ తర్వాత ముప్పావుకి తీసుకెళ్ళారు. అక్కడికి నేను వెళ్ళలేదు. సాయంత్రం వచ్చి మోకాళ్ళు చూపించింది, ఎర్రగా కమిలాయి. కొబ్బరినూనె రాశాను.

11

ఇవాళ బడి.

నీలం గౌను తొడిగాను. జడ వేశాను. వేలు సరిగా వంగక వదులుగా వచ్చింది. లిఫ్టులో మంచానికి నన్ను పట్టీలతో కట్టారు. మేదిని మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

పావు దాటింది. అర దాటింది. ముప్పావు దగ్గర నాలుక నోట్లో బరువెక్కింది, చెంపలు చెవులవైపు జారాయి. నిండు బరువులో తలుపు తెరుచుకునేసరికి పొట్టమీద ఎవరో ఇటుక పెట్టినట్టుంది. అది నా చేయే. ఎత్తబోతే రాలేదు. యాకోబు గారు నాడి పట్టుకుని ఫరవాలేదన్నారు. వెన్ను కింద మంచం సన్నగా అదురుతోంది. చక్రం తిరుగుతున్న అదురు. ఫణి దీనికోసమే పనిచేశాడని తెలుసు. దాన్ని ఒంటితో వినడం ఇదే మొదలు.

"తోయనా?" అంది మేదిని.

"తొయ్యి."

నాకు పైకప్పు మాత్రమే కనిపిస్తోంది. దీపాలు నెమ్మదిగా వెనక్కి పోతున్నాయి. దాని ఊపిరి వినపడుతోంది. వెనక నుంచి నూర్జహాన్ గారు కూడా ఒక చేయి వేశారనుకుంటాను, పైకి చెప్పలేదు. వసారా సగంలో మంచం ఆగింది. మేదిని కూర్చుండిపోయింది. ఎదురుగా ఎవరో గబగబా వస్తున్న అడుగులు. సలోమి టీచర్ అట, పాపని ఎత్తుకోబోయారు.

"ఉండండి టీచర్, ఎత్తకండి," అన్నారు నూర్జహాన్ గారు.

అందరూ ఆగారు. నేను తల తిప్పలేను. "మేదినీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కింద నుంచి, "ఉండమ్మా, వస్తున్నా," అంది. మంచం కాలు పట్టుకుంది కాబోలు, మంచం ఊగింది. దాని నెత్తి కనబడింది, తర్వాత మొహం. చెమట కారుతోంది. చెమట ముక్కు మీదుగా జారి గడ్డం నుంచి కింద పడింది. పడిన చుక్కని మేదిని కూడా చూసుకుంది.

"ఇంకొంచెమే," అంది నాతో. రోజూ పట్టీలు బిగించేటప్పుడు నేను అనే మాట.

తరగతిలో పళ్ళాల్లో బియ్యం పోసి ఉంచారు. ప్రతి పిల్ల చేతినీ ఇంట్లో వాళ్ళు పట్టుకుని మొదటి అక్షరం దిద్దిస్తున్నారు. మా వంతు వచ్చింది. పళ్ళెం మంచం మీద, నా పక్కన పెట్టారు. నేను చేయి ఎత్తలేకపోయాను. టీచర్ ఆ చేయి ఎత్తబోతే మేదిని ఒప్పుకోలేదు. రెండు చేతుల్తో నా చేతిని పొట్టమీంచి లాగి పళ్ళెంలో పడేసింది. చేయి బియ్యంలో అలాగే ఉండిపోయింది. నా చూపుడువేలు పట్టుకుని అదే రాసింది. నేను కళ్ళు పక్కకి తిప్పి చూశాను. దాన్ని 'అ' అని ఎవరూ అనుకోరు, పక్కన పడిన గీతలు ఎక్కువున్నాయి.

"చాలా బాగుంది," అన్నారు సలోమి టీచర్.

"బియ్యం పైకి లేవట్లేదు," అంది మేదిని, ఆశ్చర్యంగా.

అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పలేను. బియ్యం చల్లగా ఉంది. అది గుర్తుంది.

టైమైందన్నారు యాకోబు గారు. మేదిని నా బుగ్గ మీద చేయి పెట్టి, "ఇక్కడ నీ మొహం వేరేగా ఉంది," అంది. తర్వాత గోడ పట్టుకుని, మిగతా పిల్లలు కూర్చున్న చోటికి వెళ్ళింది. కూర్చోబోయేముందు గౌను వెనక సర్దుకుంది. అది నేను నేర్పలేదు.

12

ఇక రికార్డు చేయనక్కర్లేదన్నారు నూర్జహాన్ గారు. ఇక్కడి నుంచి సలోమి టీచర్ చూసుకుంటారట. అయినా చెబుతున్నాను.

దాని నిద్ర సంచీ మడిచి పెట్టాను. ప్లాంటులో పనికి వెళ్ళాను. మధ్యాహ్నం దాకా ఏమీ అనిపించలేదు. జల్లెడలు కడిగాను, నీళ్ళ ఉప్పు కొలిచాను. పాప ఏదో అడిగినట్టనిపించి రెండుసార్లు పక్కకి చూశాను.

సాయంత్రం ఫోను వచ్చింది. టీచర్ కలిపి పాపకిచ్చారు.

"అమ్మా, పడ్డాను."

"ఎక్కడ?"

"ఆటల దగ్గర. మోకాలు గీసుకుంది. రక్తం వచ్చింది."

"ఏడ్చావా?"

"కొంచెం. అమ్మా, రక్తం బుడగలా అవ్వలేదు. కిందికి కారింది, సాక్సు దాకా. టీచర్ తుడుస్తానంటే ఆగమని చూశాను."

"నొప్పిగా ఉందా?"

"ఉంది." ఆ మాట గర్వంగా అంది. "ఎముక విరగలేదు. టీచర్ చూశారు. నేను కూడా వంచి చూసుకున్నాను, గట్టిగా వంచాను."

కళ్ళ మీద నీళ్ళు చేరి చూపు మసకబారింది. ఇక్కడ అవి కారవు, అలాగే నిలబడతాయి. గుడ్డ వెతుక్కున్నాను.

"అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఆదివారం నేనే తోస్తా. నూర్జహాన్ ఆంటీని చేయి వేయొద్దని చెప్పు. ఆవిడ చేయి వేసింది, నాకు తెలుసు."

చెబుతానన్నాను. టీచర్ తిండికి పిలిచారు. సరేనమ్మా అని పెట్టేసింది.

నేనూ తిండి వేడిచేసుకున్నాను. వంకాయ కూర. చప్పగా ఉంది. ఇన్నాళ్ళూ అలాగే ఉండేదేమో, నాకు తెలియలేదు. కూరల్లోకి వాడే ఉప్పునీళ్ళ ట్యూబు తీసి కాస్త పిండుకుని, కలుపుకుని, మొత్తం తిన్నాను.